ఫోటోలో పాస్టర్‌కి ఎన్నేళ్ళు

మా దీవిలో ప్రతి ఇంటికీ ఒక సీగల్ ఉంటుంది. మనం పెంచేది కాదు, పంజరంలో పెట్టేదీ కాదు, దానంతట అదే వస్తుంది. పొద్దున చేపలు శుభ్రం చేసే వేళకి వంటింటి మెట్ల రెయిలింగ్ మీద వాలి, మిగతా పక్షుల్ని తరిమేసి, కాలేయం ముక్క పడేదాకా అక్కణ్ణుంచి కదలదు. అది మన సీగల్. పక్కింటివాళ్ళది పక్కింటి మెట్ల మీద ఉంటుంది. ఎవరి పక్షికి వాళ్ళు పేరు పెట్టుకుంటారు. మా ఇంటిదాని పేరు గుమస్తా. నా స్నేహితురాలు రాగ్నా వాళ్ళింటికి ఒకప్పుడు వచ్చినదాని పేరు పాస్టర్. కుండ పొయ్యి మీంచి దిగే వేళ సరిగ్గా పసిగట్టి వచ్చేవాడని వాళ్ళమ్మ హన్నా ఆ పేరు పెట్టింది.

మాకు సంవత్సరాలు కూడా ఈ పక్షులతోనే గుర్తుంటాయి. మొదటి ఏడు సీగల్‌కి ఒళ్ళంతా మట్టిరంగు, ముక్కు నలుపు. రెండేళ్ళు వచ్చేసరికి వీపు బూడిదరంగుకి తిరుగుతుంది, రెక్కలు మాత్రం ఇంకా గోధుమరంగులోనే ఉంటాయి. మూడేళ్ళకి తోకలో కాస్త నలుపు తప్ప పెద్ద పక్షిలాగే కనిపిస్తుంది. నాలుగేళ్ళు నిండాయంటే తెల్లటి ఒళ్ళు, పసుపు ముక్కు మీద ఎర్రచుక్క వచ్చేస్తాయి. ఇక ఆ తర్వాత దానికి అయిదేళ్ళో ఇరవై అయిదేళ్ళో ఎవరూ చెప్పలేరు. ఆ విషయంలో మా ఆడవాళ్ళకన్నా అవే అదృష్టవంతులు. అందుకే మా ఊళ్ళో 'గుమస్తా వీపు బూడిదరంగుకి తిరిగిన ఏడు మా పెద్దాడు పుట్టాడు' అంటే ఎవరూ నవ్వరు, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు.

ఈ లెక్క పట్టుకునే పోయిన ఏడు రాగ్నా ఊరందరి ప్రాణాలూ తోడేసింది. అందులో నా ప్రాణం ఎక్కువ.

నేనూ రాగ్నా చేపల షెడ్డులో ఒకే బల్ల దగ్గర నిలబడి ముసలివాళ్ళమయ్యాం. బడికి వెళ్ళే వయసులోనే కాడ్ చేపల నాలుకలు కోయడానికి కలిసి చేరాం. మగపిల్లలు గంటకి ఒక బకెట్ నింపితే ఆమె రెండు నింపేది. పెళ్ళి చేసుకుంది, ఆయన తాగివచ్చి చెయ్యెత్తిన మర్నాడే సామాను సర్ది ఫెర్రీ ఎక్కించింది, కొడుకుని ఒక్కతే పెంచి పెద్దవాణ్ణి చేసింది. షెడ్డులో మేనేజరుతో సహా అందరూ ఆమెకి భయపడతారు. అంత మనిషికీ ఒక వింత అలవాటు ఉంది. ఎవరేమిచ్చినా వెంటనే తీసుకోదు. పుట్టినరోజుకి కేకు తీసుకెళ్ళినా 'ఇది నాకేనా?' అని అడుగుతుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. నాకు ఒళ్ళు మండిపోయేది. మరి కేకు మీద పేరు రాసుంది గదా.

ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియక కాదు. రాగ్నా కంటే ముందు వాళ్ళింట్లో ఒక మగపిల్లాడు పుట్టాడు. టోరె అని పేరు. అరవై ఒకటి ఫిబ్రవరిలో పుట్టి ఆ డిసెంబరులోనే దగ్గు పట్టుకుని పోయాడు. మరుసటి మే నెలలో రాగ్నా పుట్టింది. నాన్న ఎలియాస్ ఐస్‌లాండ్ వైపు హెర్రింగ్ చేపల వేటకి వెళ్ళే పడవలో పనిచేసేవాడు. ఆ అక్టోబరులో పడవా పోయింది, అందులో మనుషులూ పోయారు. అంటే ఆమెకి నాన్న తెలియాలంటే మధ్యలో ఉన్నది ఆ ఒక్క వేసవే. ఆ వేసవిలో ఆయన ఇంటికి వచ్చాడా లేదా అన్నది హన్నా ఒక్కతే చెప్పాలి. ఆవిడ మంచిగా ఉన్న రోజున "మీ నాన్న ఒళ్ళో కూర్చున్నావే నువ్వు" అనేది. కోపమొచ్చిన రోజున "నిన్ను ముట్టుకోను కూడా ముట్టుకోలేదు" అనేది. రాగ్నా ఈ రెండు మాటల మధ్యా అరవై ఏళ్ళు బతికింది.

పోయిన ఏడు శీతాకాలంలో హన్నా చనిపోయింది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం రాగ్నా మా వంటింట్లోకి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, బల్ల మీద ఒక ఫోటో పెట్టింది.

"అమ్మ దుప్పట్ల అడుగున దొరికింది. చూడు."

నలుపు తెలుపు ఫోటో, అరచేతిలో పట్టేంత. వాళ్ళింటి మెట్ల మీద ఎలియాస్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో దుప్పటిలో చుట్టిన బిడ్డ, టోపీ తప్ప మొహం కనబడదు. రెయిలింగ్ మీద ఒక సీగల్. వెనక్కి తిప్పాను, ఏమీ రాసి లేదు.

"ఇది నేనా, టోరెనా?" అంది రాగ్నా.

"నాకెలా తెలుస్తుందే? దుప్పటికి పేరుంటుందా?"

"దుప్పటిని కాదు, పాస్టర్ని చూడు. పాస్టర్ పుట్టింది అరవై వేసవిలో. రేవులో కరెంటు దీపాలు వెలిగించిన వారమే పడవల షెడ్డు కప్పు మీంచి పిల్లగా పడిపోతే అమ్మ పెంచింది, ఊరంతటికీ తెలుసు. అరవై ఒకటి వేసవి అయితే వాడికి ఏడాది, ఒళ్ళంతా మట్టిరంగు ఉండాలి. అప్పుడు బిడ్డ టోరె. వీపు తిరిగి ఉంటే రెండేళ్ళు. అప్పుడు బిడ్డ నేను."

నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కళ్ళజోడు తీసి కూడా చూశాను. నలుపు తెలుపులో మట్టిరంగూ బూడిదరంగూ ఒక్కలాగే ఉంటాయని ఆ వేళే తెలిసింది. ఒకసారి చూస్తే వీపు రెక్కకంటే లేతగా ఉంది. ఇంకోసారి చూస్తే అది ఎండ పడ్డం వల్లనేమో అనిపించింది.

"రెండేళ్ళే," అన్నాను, ఆమె మొహం చూసి.

"నా కోసం చెప్పకు సిగ్నె. పక్షిని చూసి చెప్పు."

"అయితే నాకు తెలీదు. వెళ్ళి హాల్వర్‌ని అడుగు."

హాల్వర్ ముసలాయన రేవులో ఐసు గోదాము పక్క బెంచీ మీద కూర్చుంటాడు. ఆయన కూర్చునే చోట బెంచీ గుంటపడింది. సీగల్స్ వయసులో ఆయన మాటకి తిరుగులేదని ఊళ్ళో పేరు. ఆ పేరు ముందుగా ఎవరు పెట్టారో తెలియదు, ఆయనే పెట్టుకున్నాడేమో. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. ఆయన ఫోటోని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, చివరికి తలకిందులుగా కూడా పట్టుకున్నాడు.

"మూడేళ్ళు," అన్నాడు.

"సరిగా చూడు బాబాయ్," అంది రాగ్నా.

"సరిగానే చూశాను. రెక్క కొసన తెల్లచుక్క కనబడటం లేదూ? రెండేళ్ళ పక్షికి అది రాదు. మూడేళ్ళు."

"అరవైలో పుట్టినదానికి మూడేళ్ళంటే అరవై మూడు. మా నాన్న పోయింది అరవై రెండులో. చచ్చిపోయినవాడు వచ్చి ఫోటో దిగాడంటావా?"

"మీ నాన్న సంగతి నాకు తెలీదమ్మాయ్. నేను పక్షి సంగతి చెప్పాను."

రాగ్నా ఆయన చేతిలోంచి ఫోటో లాక్కుంది. దారంతా నన్నే తిట్టింది, అక్కడికి వెళ్ళమన్నది నేనే కాబట్టి. ఆ రాత్రి తనకి నిద్ర పట్టలేదట. తెల్లారేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. దీవి ఉత్తరపు కొసలో పక్షుల ఆనవాలు తెలియడానికి వాటి కాళ్ళకి రింగులు వేసే కేంద్రం ఉంది. వేసవిలో సిల్యె అనే పిల్ల అక్కడ పనిచేస్తుంది. చదువుకున్న పిల్ల, మంచిది, మేం వెళితే వాఫిల్స్ అనే తీపి అట్లు వేసి పెడుతుంది. మే నెలలో ఆ పిల్ల రాగానే వెళ్ళాం.

సిల్యె భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. ఆ పిల్ల భుజం మీంచి రాగ్నా కూడా వంగి చూసింది.

"రెండేళ్ళ పక్షే పెద్దమ్మా. వీపంతా ఒకే రంగు, రెక్క మీద గళ్ళు గళ్ళుగా ఉంది. ముక్కు మొదట్లో తేటగా ఉంది చూడండి."

రాగ్నా కుర్చీలో కూలబడింది. "రెండేళ్ళు. అంటే నేనే," అంది. నా చెయ్యి పట్టుకుని నొక్కింది, చేపల కత్తి పట్టిన చెయ్యి కదా, వేళ్ళు విరుగుతాయనిపించింది. నాకూ ఏడుపొచ్చింది. హాయిగా వాఫిల్ తిందామని ప్లేటు దగ్గరికి లాక్కున్నాను.

"ఉండండి," అంది సిల్యె. ఇంకా భూతద్దం వదలలేదు. "రెక్క పొడవాటి ఈకలు కొసల్లో సూదిగా ఉన్నాయి. మొదటి ఏడు ఈకలే అలా ఉంటాయి. రెండో ఏడు వచ్చేవి గుండ్రంగా ఉంటాయి."

"అంటే?"

"అంటే ఏడాది పక్షేమో. ఏడాది పక్షి కూడా ఎండకి బాగా వెలిసిపోతే ఇలాగే తెల్లగా కనబడుతుంది. లేకపోతే అవి అరిగిపోయి సూదిగా ఉన్నాయేమో. ఫోటో కాస్త కదిలింది కూడా."

"ఇప్పుడేగా రెండన్నావు?"

"అన్నాను పెద్దమ్మా. ఇప్పుడు తెలియడం లేదు."

చదువుకున్న పిల్ల కాబట్టి తెలియదని ఒప్పుకుంది. అది మంచి గుణమే. కానీ రాగ్నా మొహం చూస్తే ఆ పిల్ల అబద్ధమాడినా బాగుండేదనిపించింది. అలా ఒక్క ఫోటోలో, ఒక్క రెయిలింగ్ మీద, ఒకే పక్షికి ఒకటి, రెండు, మూడు ఏళ్ళు వచ్చాయి. ఒకటైతే ఒళ్ళో ఉన్నది అన్న. రెండైతే తను. మూడైతే నాన్న దెయ్యం. ఆ రాత్రంతా నేనూ అదే లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను, ప్రతిసారీ వేరే జవాబొచ్చింది.

రాగ్నా ఊరుకునే మనిషి కాదు. ఆదివారం నాడు సిల్యెని రెక్క పట్టుకుని రేవుకి లాక్కొచ్చి హాల్వర్ ఎదుట నిలబెట్టింది. "ఇద్దరూ కలిసి తేల్చండి. తేలేదాకా నేనిక్కణ్ణుంచి కదలను," అంది. వాళ్ళిద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని మొదలుపెట్టారు. ఆయన తెల్లచుక్క అంటాడు, ఆ పిల్ల అది ఫోటో మీద గీత అంటుంది. ఆ పిల్ల ముక్కు అంటుంది, ఆయన ముక్కు మీద చేప రక్తం ఉండి ఉంటుందంటాడు. పడవ దిగినవాళ్ళు కూడా చుట్టూ చేరి తలా ఒక ఏడు చెప్పారు. ఎవరో నాలుగేళ్ళన్నారు. అంతలో హాల్వర్ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఇది మీ నాన్న పక్కన ఇంత దగ్గరగా ఎలా కూర్చుందే?" అన్నాడు.

"ఇంటి పక్షి కదా బాబాయ్. కూర్చోదా?"

"ఇంటి పక్షి ఇంట్లో అందరి దగ్గరా కూర్చోదు. తిండి పెట్టే చేతి దగ్గరే కూర్చుంటుంది. ఎలియాస్ ఎప్పుడూ సముద్రం మీదే. వాణ్ణి చూస్తే ఇది ఎగిరిపోవాలి. ఇది వాణ్ణి చూడ్డమే లేదు, అటు ఫోటో తీసే మనిషిని చూస్తోంది. మెడ చాచి చూస్తోంది. అంటే ఫోటో తీసింది దీనికి రోజూ కాలేయం వేసే మనిషి."

"అమ్మేమో."

"హన్నాకి కెమెరా ఎక్కడిది? ఆ రోజుల్లో ఊళ్ళో కెమెరా ఉన్నది బోర్గిల్‌కి. మీ మేనత్తకి."

రాగ్నాకి మేనత్త ఒకావిడ ఉందని నాకు తెలుసు, అంతే. బోర్గిల్ పేరు వాళ్ళింట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే హన్నా అన్నం బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయేది. తను పుట్టకముందే మేనత్త దీవి వదిలి అవతలి ఒడ్డున ఉన్న బూడో పట్నానికి వెళ్ళిపోయిందనుకునేది రాగ్నా. ఆ వేసవిలో ఇక్కడే ఉండి పాస్టర్‌కి తిండి పెట్టిందని మాకెవరికీ తెలియదు. బతికి ఉందో లేదో కూడా తెలియదు. సిల్యె ఫోనులో వెతికింది, బతికే ఉంది, బూడోలో వృద్ధుల ఇంట్లో ఉంది.

మర్నాడే పడవ ఎక్కాం. ఫోటో రాగ్నా కోటు లోపలి జేబులో ఉంది, రెండు నిమిషాలకోసారి పైనుంచి తడుముకుంటోంది. నాకు భయం వేసింది. కాదని చెబితే ఈ మనిషిని ఇంటికి ఎలా తీసుకెళ్ళాలో నాకు తెలియదు.

బోర్గిల్ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఎనభై దాటినా కళ్ళు చురుగ్గా ఉన్నాయి. రాగ్నాని చూసి ఎవరని అడగలేదు.

"హన్నా పోయిందన్నమాట," అంది.

"పోయింది అత్తా."

"లేకపోతే నువ్వు వచ్చేదానివి కాదులే. కూర్చో. ఆవిణ్ణి కూడా కూర్చోమను."

రాగ్నా కూర్చోలేదు. ఫోటో తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ముందు పక్షి గురించే అడిగింది, అరవై ఏళ్ళ ప్రశ్న నోటికి రాక. "అత్తా, ఇందులో పాస్టర్‌కి ఎన్నేళ్ళు? అరవైలో పుట్టాడు కదా. ఒకరు ఏడాదంటారు, ఒకరు మూడంటారు."

బోర్గిల్ నవ్వింది. "ఇది పాస్టర్ కాదే. హన్నా పెంచిన పక్షిపిల్ల, టోరె పోయిన చలికాలంలోనే చచ్చిపోయింది. గోడ వెనక మంచులో నేనే చూశాను. హన్నాకి చెప్పలేదు. ఇంట్లో ఒక చావు చాలదా? వసంతంలో ఇంకోటి వచ్చి రెయిలింగ్ మీద కూర్చుంది. దానికే తిండి వేసి పాస్టర్ అని పిలిచాను. అదీ పలికింది. దాని వయసు నాకేం తెలుసు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నెల రోజుల ఈకల లెక్కలు, రేవులో జరిగిన పంచాయితీ అన్నీ వేరే ఎవరి పక్షి మీదో చేశామన్నమాట. హాల్వర్ చెప్పిన మూడేళ్ళే నిజమై ఉండొచ్చు. ఈ సంగతి ఆయనకి చెప్పకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

రాగ్నా మాత్రం కదల్లేదు. "వసంతం అంటే టోరె పోయాక వచ్చిన వసంతమా?"

"అవును."

"అయితే ఈ ఒళ్ళో ఉన్నది..."

"నువ్వే. ఇంకెవరు? ఆగస్టులో వచ్చాడు, వారం ఉన్నాడు."

అప్పుడు కూర్చుంది రాగ్నా. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు, తనకీ అర్థమైనట్టు లేదు. "ఎత్తుకున్నాడు. అమ్మ నిజమే చెప్పింది," అంది.

బోర్గిల్ ఆ మాటకి తలెత్తి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు కూడా చూసింది.

"ఎత్తుకోలేదే అమ్మాయ్," అంది చివరికి. "వారం రోజులూ నిన్ను ముట్టుకోలేదు. హన్నా బతిమాలింది, ఏడ్చింది. 'నేను ఎత్తుకున్నవాడు పోయాడు, దీన్ని ఎత్తుకోను' అన్నాడు. నువ్వున్న గదిలోకి వస్తే గోడవారగా నడిచేవాడు. ఆఖరి రోజున నాకు ఒళ్ళు మండింది. మెట్ల మీద కూర్చోబెట్టి, నిన్ను తెచ్చి ఒళ్ళో పడేసి, కెమెరా తీశాను. హన్నా దానికి నన్ను జన్మలో క్షమించలేదు. వాడంతట వాడే ఎత్తుకోవాలని చూసింది అది. ఇంకో రోజు ఆగితే ఎత్తుకునేవాడు, నువ్వే చెడగొట్టావంది. ఇంకో రోజు ఎక్కడుంది? పడవ వెళ్ళిపోయింది."

"అయితే ఇష్టం లేకుండానే కూర్చున్నాడన్నమాట," అంది రాగ్నా. ఆ గొంతు నేను షెడ్డులో ఎప్పుడూ వినలేదు.

"ఇష్టం లేకనా?" బోర్గిల్ ఫోటో తీసి ఆమె కళ్ళ ముందు పెట్టింది. "చేతులు చూడు."

మేమిద్దరం వంగి చూశాం. నెలరోజులుగా ఆ ఫోటోలో పక్షి ముక్కూ తోకా చూశాం గానీ మనిషి చేతులు చూడలేదు. రెండు చేతులూ బిడ్డకి రెండు పక్కలా ఉన్నాయి, తగలకుండా, బాగా వేడిగా ఉన్నదాని చుట్టూ పెట్టినట్టు.

"ఫోటో తీస్తున్నంతసేపూ కెమెరా వైపు చూడమంటే చూడలేదు," అంది బోర్గిల్. "ఒకటే మాట. 'ఊపిరి తీసుకుంటోందా, చూడవే' అని. తీసుకుంటోంది, కదలకు అన్నాను. మళ్ళీ అదే. 'సరిగా చూడు, తీసుకుంటోందా?' మీట నొక్కేదాకా అదే అడుగుతూనే ఉన్నాడు. పడవ ఎక్కే ముందు కూడా నన్ను పక్కకి పిలిచి అదే అడిగాడు."

కాఫీ తెచ్చిన అమ్మాయి మా మొహాలు చూసి, కప్పులు పెట్టి వెళ్ళిపోయింది. వచ్చేటప్పుడు రాగ్నా మేనత్త చెంప మీద ముద్దు పెట్టింది. మళ్ళీ ఆదివారం వస్తానంది.

తిరుగు పడవలో లోపల కూర్చోలేక పైకి వెళ్ళాం. గాలి ఎక్కువగా ఉంది. పడవ వెనకాల సీగల్స్ గుంపుగా వస్తున్నాయి, అన్ని వయసులవీ ఉన్నాయి, ఈసారి మాత్రం మేం వాటిని లెక్కపెట్టలేదు.

"సిగ్నె, ఎత్తుకున్నట్టా, ఎత్తుకోనట్టా?" అని అడిగింది.

ఎత్తుకున్నట్టేనని ఒకసారి నోటిదాకా వచ్చింది, లేదని ఇంకోసారి వచ్చింది. "నాకు తెలీదే," అన్నాను.

"నాకూ తెలీడం లేదు," అంది.

కోటు లోపల్నుంచి ఫోటో తీసింది. గాలికి పోతుందని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకుంది. పక్కనున్న జనం తిరిగి చూసినా పట్టించుకోలేదు.

"ఊపిరి తీసుకుంటున్నాను నాన్నా," అంది.